గీత ఒకరిది, నీలం ఒకరిది

జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో, కొండల మధ్య ఇరుకు లోయలో అరితా అనే చిన్న ఊరుంది. ఆ ఊరి హోఓన్‌జి బౌద్ధాలయంలో అక్షరాలు అరిగిపోయిన ఒక రాయి నిలబెట్టి ఉంటుంది. 1705లో ఒక మునిమనవడు తన ముత్తవ్వ జ్ఞాపకంగా పెట్టించిన రాయి అది. ఆమె ముఖం శాంతంగా ఉండేదని, చెవులు భుజాల దాకా సాగి ఉండేవని, చెవులు కుట్టించుకున్న గుర్తులుండేవని దాని మీద చెక్కించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం అందులో లేదు. ఊరు ఆమెను 'హ్యాకుబా' అంది. నూరేళ్ళ అవ్వ అని అర్థం. కొరియాలో ఇప్పుడు ఆమెను పెక్‌పాసన్ అంటున్నారు. అందులో ఉన్నదీ ఆ నూరేళ్ళ అవ్వే. నిజానికి ఆమె బతికింది 96 ఏళ్ళు. 1656లో చనిపోయింది.

ఆ కాలపు జపాన్ ఆడవాళ్ళు చెవులు కుట్టించుకునేవాళ్ళు కాదు. అందుకే మునిమనవడికి ఆ గుర్తులు చెప్పుకోదగ్గ సంగతి అనిపించి ఉంటుంది. పేరు పోయింది, భాష పోయింది, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పటానికి చెవి తమ్మెలు మిగిలాయి.

1592కీ 1598కీ మధ్య హిదెయోషి సైన్యాలు రెండుసార్లు కొరియా మీద పడ్డాయి. తిరిగి వెళ్ళేటప్పుడు జపాన్ ప్రభువులు అక్కడి కుమ్మరులను కుటుంబాలతో సహా ఓడలెక్కించి తీసుకుపోయారు. చరిత్రకారులు ఆ యుద్ధాన్ని 'కుమ్మరుల యుద్ధం' అని కూడా అంటారు. హ్యాకుబా, ఆమె భర్త అట్లా వచ్చినవాళ్ళే. ఆయనకి జపాన్‌లో ఫుకాఉమి సోదెన్ అనే పేరొచ్చింది. అరితాకి దగ్గర్లోని తకేయో ప్రాంతంలో బట్టీ పెట్టుకుని 1618లో చనిపోయాడు. ఆ తర్వాత ఆ పని నడిపింది ఆమె. అరితాలో మంచి తెల్లరాయి దొరుకుతోందని తెలిసి, ప్రభువు అనుమతి తీసుకుని, సుమారు 900 మంది తనవాళ్ళని వెంటబెట్టుకుని అక్కడి హియెకొబాకి తరలివెళ్ళింది. పరాయి దేశంలో, భర్త పోయిన ఆడమనిషి మాట మీద అంతమంది ఇళ్ళు సర్దుకుని కదిలారు. ఈ ఒక్క వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో ఒక రాజు గురించి ఉంటే దానికి ఒక అధ్యాయం, ఒక బొమ్మ ఉండేవి.

2018లో ఒక సదస్సు కోసం ఫుకుఒకా వెళ్ళినప్పుడు, అక్కడ పాఠాలు చెప్పే స్నేహితురాలు నన్ను రైల్లో అరితా తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో మొదట కనిపించేది హ్యాకుబా కాదు, రి సాంపెయ్. ఇజుమియామా కొండలో తెల్లరాయిని కనిపెట్టి 1616లో జపాన్‌లో మొదటి పింగాణీ చేశాడని చెప్పే కొరియన్ కుమ్మరి. తోజన్ గుడిలో ఆయన దేవుడు. గుడి పైన కొండ మీద 1917లో ఎత్తించిన పెద్ద రాతి స్తంభం ఆయనది. 1888లో చేసిన ఆ గుడి ముఖద్వారం కూడా పింగాణీదే, తెలుపు మీద నీలం తీగెలతో. ఆయన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. ఆయనా బందీగా వచ్చినవాడే, ఆయన సొంత పేరు కూడా పూర్తిగా మిగల్లేదు. సాంపెయ్ అనేది తర్వాతి తరాలవాళ్ళు కూర్చిన పేరు. పాత బట్టీల తవ్వకాలు చూస్తే పింగాణీ ఒక్కడికి ఒక్కరోజున తట్టిన ఆలోచన కాదని, 1610ల్లో చాలా చేతులు కలిసి చేరుకున్న పని అని తెలుస్తుంది. అయినా ఊరికి ఒక మూలపురుషుడు కావలసి వచ్చాడు. మూలపురుషుడనే మాటలోనే మనకి చోటు లేదు కదా.

మరి ఆడవాళ్ళు అసలు లెక్కలోకే రాలేదా? ఒకసారి వచ్చారు. 1637లో నబేషిమా ప్రభువు, బట్టీల కట్టెల కోసం అడవులు నరికేస్తున్నారని, చాలా బట్టీలు మూయించి, 826 మంది జపనీయులను ఆ పనిలోంచి వెళ్ళగొట్టాడు. అందులో మగవాళ్ళు 532, ఆడవాళ్ళు 294. నేను ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మూడో వంతు కన్నా ఎక్కువ. కుండ మీద సంతకం అడిగినవాళ్ళు లేరు, వెళ్ళగొట్టేటప్పుడు మాత్రం తలలు లెక్కపెట్టారు. మన దగ్గర మిల్లు మూతపడినప్పుడే అందులో ఎంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారో పత్రికల్లో వస్తుంది. అట్లాంటి లెక్కే ఇదీ.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి అరితా తలుపు ప్రపంచం తట్టింది. 1644లో చైనాలో మింగ్ వంశం కూలిపోయింది. యుద్ధాల్లో జింగ్‌దెజెన్ బట్టీలు దెబ్బతిని, యూరపుకి వెళ్ళే నీలం-తెలుపు సామాను ఆగిపోయింది. డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో మకాం ఉండేది. 1650ల్లో వాళ్ళు అరితా సరుకు కొనటం మొదలుపెట్టారు. మొదట్లో కొన్నవి బతావియాలోని కంపెనీ మందులకొట్టు కోసం సీసాలు, లేపనాలు పోసుకునే చిన్న జాడీలు. పింగాణీ అనగానే ఆవకాయ జాడీ గుర్తొచ్చే మనకి ఆ మొదటి బేరం అర్థం కావటం కష్టమేమీ కాదు. 1659లో ఒక్కసారిగా 50 వేలకు పైగా వస్తువులకి ఆర్డరొచ్చింది. తమకి కావలసిన ఆకారాలకి చెక్క నమూనాలు చేయించి పంపారు. బీరు కూజాలు, ఉప్పుగిన్నెలు, క్షురకుల పళ్ళేలు. బీరు ముఖం చూడని ఊరు బీరు కూజాలు చేసింది. సరుకు ఇమారి రేవు నుంచి ఓడెక్కేది కాబట్టి లోకానికి దాని పేరు 'ఇమారి' అయింది. చేసిన ఊరి పేరు కూడా వెనక్కి పోయి, ఎక్కించిన రేవు పేరు ముందుకొచ్చింది.

అరితాలో ఉన్న క్యూషూ సిరామిక్ మ్యూజియంలో ఈ సరుకు చాలా ఉంది. కంపెనీ అక్షరాలు మూడూ ఒకదాని మీద ఒకటి అల్లి మధ్యలో రాసిన పెద్ద పళ్ళేలు, చుట్టూ గడులు గడులుగా పూలు. చైనా పళ్ళేనికీ దీనికీ తేడా ఎట్లా తెలుస్తుందని అడిగితే స్నేహితురాలు బోర్లా పెట్టిన ఒక పళ్ళెం చూపించింది. అడుగున నాలుగైదు చిన్న చుక్కలు, పొక్కు రాలినట్టు. ఇక్కడి మట్టి వేడికి మధ్యలో కుంగిపోతుందని, కింద చిన్న చిన్న మట్టి మొలలు ఆనించి కాల్చేవాళ్ళు. తీసేసినా మచ్చలు మిగులుతాయి. పాత సామాను కొనేవాళ్ళు ఆ మచ్చల కోసం వెతుకుతారట. ఆ ఊరి మట్టికున్న బలహీనతే ఆ ఊరి గుర్తు.

అక్కడే ఇంకో గదిలో ఒక దంపతులు పోగుచేసి ఇచ్చిన పదివేలకు పైగా అరితా వస్తువులున్నాయి. షిబతా దంపతుల సేకరణ అని ఇద్దరి పేరా పిలుస్తారు. సేకరించిన స్త్రీకి చోటు దొరికింది, మంచిదే. చేసిన స్త్రీ సంగతి తెలుసుకోవాలంటే బయటికొచ్చి ఒక పనిశాలకి వెళ్ళాలి.

ఆ పనిశాలలో నీలం వేయటం చూశాను. కొండరాయిని పొడిచేసి, నానబెట్టి, మట్టి చేసి, సారె మీద తిప్పి, ఒకసారి తేలిగ్గా కాల్చిన గిన్నె మీద బొమ్మ వేస్తారు. బొమ్మ వేయటంలో రెండు పనులున్నాయి. సన్నకుంచెతో గీత గీయటం ఒకటి. గీతల మధ్య నీలం నింపటం ఇంకొకటి. ఈ రెండో పనిని 'దామి' అంటారు. గీత మగవాళ్ళది, దామి ఆడవాళ్ళది అని అరితాలో తరతరాలుగా సాగిన పంపకం.

అరవై దాటిన ఒకావిడ దామి వేస్తోంది. చేతిలో బొటనవేలంత లావు కుంచె. నీళ్ళలా పల్చగా ఉన్న రంగులో ముంచింది. ఇంత పెద్ద కుంచెతో అంత చిన్న రేకు ఎట్లా నింపుతుందా అని చూస్తున్నాను. వేళ్ళతో కుంచెని కొద్దిగా నొక్కితే రంగు బొట్టుగా దిగుతుంది. ఆ బొట్టుని కుంచె మొనతో నడిపిస్తూ, గిన్నెని పక్కకి వంచుతూ, గీత అంచు దాకా తీసుకెళ్ళి, మిగిలినదాన్ని మళ్ళీ కుంచెలోకి పీల్చేస్తుంది. కాల్చిన మట్టి తడిని తక్షణం తాగేస్తుంది కాబట్టి మధ్యలో ఆగటానికి వీల్లేదు. ఆగితే అక్కడ చార పడుతుంది. తుడిచి మళ్ళీ వేయటమన్నది లేదు. లేత నీలానికి ఒక గిన్నె, ముదురుకి ఒక గిన్నె, మధ్యవాటికి ఇంకో రెండు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. వేసేటప్పుడు అది నీలం కాదు. కోబాల్టు ఉన్న ఆ రంగు బూడిద నలుపుగా ఉంటుంది. దాని మీద తెల్లటి గ్లేజు పూత పడ్డాక బొమ్మే కనిపించకుండా పోతుంది. దాదాపు 1300 డిగ్రీల వేడిలో, గాలి తక్కువైన మంటలో కాలి బయటికొచ్చాకే నీలం తేలుతుంది. అంటే ఆమె నల్లరంగు వేస్తూ, తర్వాత రాబోయే నీలాన్ని మనసులో చూస్తూ, ఎంత పల్చన చేస్తే ఎంత లేత అవుతుందో లెక్కగట్టుకుంటోంది. ఇది నింపే పని అట. గీసేది కళ అట.

ఆ రాత్రి హోటల్ గదినుంచి అమ్మకి ఫోన్ చేశాను. ఈ సంగతి ఆమెకే ముందు చెప్పాలనిపించటానికి కారణముంది. మా నాన్నకి బందర్లో ఫోటో స్టూడియో ఉండేది. 1960ల్లో, రంగుల ఫిల్ము ఇంకా మా ఊరికి అలవాటు కానప్పుడు, పెళ్ళిఫోటోలకి, గోడకి తగిలించుకునే పటాలకి చేత్తో రంగులు వేసేవాళ్ళు. ఫోటో తీయటం, కడగటం నాన్న. రంగులు అమ్మ. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక, వసారాలో వెలుతురు బాగుండే రెండు గంటల్లో, అగ్గిపుల్లలకి దూది చుట్టుకుని కూర్చునేది. ఫోటో వెనక నాన్న పెన్సిలుతో రాసిచ్చేవాడు, 'చీర చిలకపచ్చ, అంచు మెరూను, రవిక పసుపు' అని. తను చూడని పెళ్ళికూతుళ్ళ చీరలకి అమ్మ రంగు వేసింది. బుగ్గలకి ఎరుపు ఎంత ఉండాలో ఎవరూ రాసివ్వలేదు. అది ఆమె లెక్కే. అయిపోయాక వెనక స్టూడియో రబ్బరు స్టాంపు పడేది, నాన్న పేరుతో. నాన్న పోయాక స్టూడియో అన్నయ్యకి వచ్చింది. ఎవరైనా అడిగితే అమ్మ, "ఆయనకి కాస్త సాయం చేసేదాన్ని" అంటుంది.

దామి గురించి చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది.

"తడి కదే, అంచు దగ్గర పాకిపోదూ? ఎట్లా ఆపుతుంది?"

"గిన్నె వంచుతోందమ్మా, రంగు అటు పారకుండా."

"అంతేలే. చెయ్యి తిప్పితే చార పడుద్ది. పళ్ళేన్నే తిప్పుకోవాలి. నేనూ ఫోటోనే తిప్పేదాన్ని."

ఎనభై ఏళ్ళ మా అమ్మ, బందరు దాటి పెద్దగా తిరగని మనిషి, ఆ అరితా ఆవిడతో ఒక్క మాటలో పనివాళ్ళ భాష మాట్లాడేసింది. ఆ మాటని సాయం అనే మనిషి మాటగా నేను వినలేను.

సాయం అనే ఈ మాట మనకి కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు ఏం చేశారో వాళ్ళ నోటే వినటం మొదలుపెట్టాం. అప్పటినుంచి మనం చేస్తున్న పని ఈ 'సాయం'లో ఏముందో విప్పి చూడటమే. కానీ మన వెతుకులాట ఎక్కువగా మాటల్లో జరిగింది. ఉత్తరాలు, డైరీలు, పాటలు, జ్ఞాపకాలు. ఏమీ రాయని, ఏమీ చెప్పుకోని స్త్రీలు వస్తువుల్లో మిగిలి ఉన్నారు. వాళ్ళని చదవాలంటే పని తెలియాలి.

ఈ సరుకు చరిత్రలో ఆడవాళ్ళు వేరే విధంగా మాత్రం బాగానే కనిపిస్తారు. కొనేవాళ్ళుగా, బొమ్మలుగా. ఇంగ్లండు రాణి రెండవ మేరీ రాజభవనాల్లో పింగాణీని అల్మరాల మీద, తలుపుల మీద వరసలు వరసలుగా పేర్చింది. 1694లో ఆమె చనిపోయాక కూడా ఆ మోజు పెరుగుతూనే పోయింది. ఆడవాళ్ళ పింగాణీ పిచ్చి మీద మగరచయితలు బోలెడు హాస్యం రాసుకున్నారు. ఓడలు కట్టి, తుపాకులు పెట్టి, సముద్రాలు దాటి ఆ పళ్ళేలు తెచ్చి అమ్మినవాడిది వ్యాపారం. డబ్బిచ్చి కొని ఇంట్లో పెట్టుకున్నదానిది పిచ్చి.

ఇక బొమ్మ సంగతి. దెజిమాలోకి వేశ్యావాడ స్త్రీలను తప్ప జపాన్ ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. యూరపు ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. 1817లో కొత్త అధికారి బ్లొమ్‌హాఫ్ భార్య టిటియా బెర్గ్స్మా పసిబిడ్డతో, దాదితో వచ్చి దిగింది. కొన్ని నెలలు ఉండనిచ్చి, ఆ ఏడాది చివర వెనక్కి పంపేశారు. భర్తని మళ్ళీ చూడకుండానే 1821లో చనిపోయింది. అయితే ఆమె ఉన్న ఆ కాస్త రోజుల్లో జపాన్ చిత్రకారులు ఆమెను బొమ్మలు గీశారు. ఆ బొమ్మ అచ్చుల మీద, తర్వాత పింగాణీ మీద కూడా ఎక్కింది. మనిషి ఉండటానికి అనుమతి లేదు, బొమ్మ పళ్ళెం మీద ఉండవచ్చు.

మా బందరుకీ ఈ కథలో ఒక కొస ఉంది. ఇదే డచ్ కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో మకాం పెట్టింది. ఆ డచ్చివాళ్ళ సమాధులు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. కోరమాండల్ తీరం అద్దకం బట్టలు కంపెనీ ఓడల్లో బతావియా మీదుగా జపాన్ దాకా వెళ్ళేవి. అక్కడ వాటిని 'సరస' అని అపురూపంగా దాచుకున్నారు. జపాన్ రాగి ఆ ఓడల్లోనే మన తీరానికి వచ్చి అమ్ముడుపోయేది. ఆ బట్టకి నూలు వడికింది మన ఆడవాళ్ళు. కంపెనీ లెక్కల్లో బట్ట ఎన్ని బేళ్ళో ఉంది, పళ్ళేలు ఎన్నో ఉన్నాయి. వడికిన చేతికీ నింపిన చేతికీ ఒకే ఖాతా, అది ఖాళీ ఖాతా.

1683 తర్వాత చైనా బట్టీలు కోలుకున్నాయి, తక్కువ ధరకి అమ్మాయి. అరితా ఎగుమతి క్రమంగా తగ్గి, 18వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి కంపెనీ కొనుగోళ్ళు ఆగిపోయాయి. ఊరు మాత్రం ఆగలేదు, ఇవాళ్టికీ చేస్తోంది. అక్కడి గొప్ప ఇళ్ళలో పేరే ఆస్తి. కాకియెమోన్ అనే పేరు 2014లో 15వ వారసుడికి వచ్చింది. పదిహేను మందీ మగవాళ్ళే. పేరుని ఇంత జాగ్రత్తగా చేతులు మార్చుకున్న ఊళ్ళో హ్యాకుబా పేరు నిలవకపోవటం మతిమరుపు కాదు. పేరు ఎవరికి చెందుతుందన్న ఏర్పాటు అది.

ఆమెకి ఒక పేరు కల్పించి పెడదామా అంటే నాకు మనసొప్పదు. జపాన్ రచయిత్రి మురాతా కియోకో 1998లో ఆమె స్ఫూర్తితో ఒక నవల రాసింది. నవల చేయగల పని అది. మనలాంటి వ్యాసకర్తలు, అధ్యాపకులు చేయగలిగింది వేరే ఉంది. చూసే పద్ధతి మార్చుకోవటం, పిల్లలకి ఆ చూపు నేర్పటం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ పింగాణీ ఉంది, అందులో ఇమారి కూడా ఉంది. విద్యార్థులను తీసుకెళితే దేశం, శతాబ్దం చెప్పి ముందుకు నడవకుండా ఒక నీలం పూరేకు దగ్గర ఆపండి. ముందు గీత చూడమనండి. తర్వాత గీతని కళ్ళతోనే చెరిపేసి మిగిలింది చూడమనండి. అంచు దాకా వచ్చి ఆగిన రంగు, లేత నుంచి ముదురుకి చార లేకుండా మారిన చోటు, కొండల మీద పొగమంచు, చేప వీపు. నాలుగు వందల ఏళ్ళుగా లోకం ఈ సామానుని 'నీలం-తెలుపు' అంటోంది. తెలుపు కొండది. నీలంలో ఎక్కువభాగం గీతల మధ్యనే ఉంది.